తీరిగ్గా తిరిగితే తప్పా?

పది రోజుల్లో ఎనిమిది దేశాలు చుట్టబెట్టి వచ్చినవాళ్ళంటే మనకు మహా గౌరవం. అదే ఒక మనిషి ఆరు రోజులపాటు ఒక్క జిల్లా అంత చోట, అదీ సైకిలు మీద, కాలవగట్ల వెంట తిరిగి వచ్చిందంటే జాలి. నేను కిందటి వేసవిలో నెదర్లాండ్సు దేశానికి ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్‌లో అలా తిరిగి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ నన్ను పరామర్శించేవాళ్ళే గాని సంతోషంగా పలకరించినవాళ్ళు లేరు.

"అంత డబ్బు పోసుకుని వెళ్ళి సైకిలు తొక్కావా? ఈఫిల్ టవరు చూడలేదూ?" అంది మా పెద్ద వదిన. "నలభై ఆరేళ్ళ మనిషివి, మోకాళ్ళు ఏమైపోనూ?" అంది మేనత్త. పక్కవాటాలో ఆవిడ మరికాస్త లోతుగా ఆలోచించి, "అక్కడ మీవాళ్ళెవరికైనా పురుడాండీ?" అని అడిగింది.

మొదటి రెండు ప్రశ్నలకూ నవ్వేశాను. మూడోదే నా చేత ఇది రాయిస్తోంది. ఆవిడ మనసులో కల్మషం లేదు. ఈ వయసు ఆడది సముద్రం దాటిందంటే పురుడైనా ఉండాలి, పసిపిల్ల కాపలా అయినా ఉండాలని ఆవిడ లెక్క. ఆ లెక్క చాలావరకు నిజం కూడాను. ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చిన తల్లుల్ని ఏం చూశారమ్మా అని అడగండి. వంటింటి కిటికీలోంచి పక్కింటివాళ్ళ కారుషెడ్డు, ఒక శనాదివారం నయాగరా! స్వదేశంలో కదిలినా పెళ్ళో, మొక్కుబడో, పరామర్శో ఉండాలి. కారణం లేకుండా గడప దాటితే ఆడవాళ్ళవి "తిరుగుళ్ళు", మగవాళ్ళది "లోకానుభవం".

ఆ కారణం లేని ప్రయాణం తరఫునే నా వకాల్తా. సాక్ష్యం ఫ్రీస్‌లాండే చెబుతుంది.

అక్కడ ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కూతురూ, నేనూ రెండు సైకిళ్ళు అద్దెకు తీసుకుని లేవార్డెన్‌లో బయలుదేరాం. ఆ ప్రాంతానికి ఫ్రిసియన్ అని సొంత భాష ఉంది. డచ్చితోపాటు దానికీ అధికార హోదా ఉంది గనుక చాలా ఊళ్ళ బోర్డుల మీద రెండు పేర్లుంటాయి. పూర్వం పట్టణ హక్కులు సంపాదించుకున్న ఊళ్ళు 11. లేవార్డెన్ అన్నిటికన్నా పెద్దది. స్లోటెన్ అన్నిటికన్నా చిన్నది, వెయ్యిమంది జనాభా కూడా లేదు. మన లెక్కన అది శివారు పల్లె. వాళ్ళ లెక్కన బురుజులూ, కందకం, గాలిమరా అన్నీ ఉన్న నగరం!

నేల పళ్ళెంలా ఉంటుంది. మిట్టా లేదు, పల్లమూ లేదు, ఉన్నదల్లా గాలే. ఎదురుగాలి లేచిందంటే చున్నీ తెరచాపై మనిషిని వెనక్కి లాగుతుంది. కార్ల దారి వేరు, సైకిళ్ళ దారి వేరు. దారులు కలిసేచోట ఒక అంకె వేసిన గుర్తు ఉంటుంది. ఆ అంకెలు వరసగా చీటీ మీద రాసుకుంటే దారి తప్పాలన్నా కష్టమే. రోజుకు 25, 30 కిలోమీటర్లకు మించి తొక్కలేదు. మేనత్తకు మనవి, మోకాళ్ళు క్షేమం.

ఆ 11 ఊళ్ళనీ ఒక్కరోజులో చుట్టేసే పిచ్చి వాళ్ళకూ ఉంది, దాచను. చలికాలంలో కాలవలు గడ్డకడితే మంచు మీద జారుతూ దాదాపు 200 కిలోమీటర్ల పందెం వేస్తారు. 1909 నుంచి 1997 వరకు 15 సార్లే జరిగింది. ఆ తర్వాత ఇంతవరకూ జరగలేదు. కాలవలు అంత గట్టిగా గడ్డకడితేగా! సైకిళ్ళకు మంచుతో పని లేదు గనుక ఏటా పెంతెకొస్తు పండగ మర్నాడు సుమారు 15,000 మంది బోల్స్‌వర్డ్‌లో తెల్లవారుజామునే బయలుదేరి 235 కిలోమీటర్లు తొక్కుతారు. వాళ్ళ పిక్కలకు నమస్కారం. వాళ్ళు పందేన్ని పందెమనే అంటారు. మనకు టూర్లు అమ్మేవాళ్ళు అదే పందేన్ని సెలవు పేరుతో అమ్ముతారు, మనం కొంటాం.

ఫ్రానెకర్‌లో ఒక ఇల్లుంది. 1774లో చంద్రుడూ, బుధుడూ, శుక్రుడూ, కుజుడూ, గురుడూ ఒక్కచోట చేరబోతున్నారనీ, భూమి గతి తప్పి సూర్యుడిలో పడి మాడిపోతుందనీ ఒక పుస్తకం బయలుదేరి అక్కడి జనాన్ని హడలగొట్టింది. 1962లో మన అష్టగ్రహ కూటమికి జరిగిన హోమాలూ, శోకాలూ మా అమ్మమ్మ కథలుగా చెప్పేది గనుక ఆ భయం నాకు బంధువులా అనిపించింది. ఐసె ఐసింగా అనే ఉన్ని దువ్వే ఆయన, గ్రహాలు నిజంగా ఎలా తిరుగుతాయో చూపించడానికి తన ముందుగది పైకప్పుకే గ్రహమండలం కట్టడం మొదలుపెట్టాడు. 1781కి పూర్తయింది. నీలం రంగు కప్పు మీద అవి ఈనాటికీ తిరుగుతున్నాయి, ఆకాశంలో గ్రహాలు తీసుకునే వ్యవధిలోనే. అంటే ఆ ఇంటి శని ఒక చుట్టు పూర్తిచెయ్యాలంటే 29 ఏళ్ళు దాటాలి. ఏలినాటి శని అంటే వణికిపోయే మనం ఆయన నడక ఎంత నిదానమో ఎప్పుడైనా గమనించామా! 2023లో యునెస్కో ఆ ఇంటిని ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చింది.

ఆ ఇంటావిడ గురించి ఒక ముచ్చట చెబుతారు. యంత్రానికి పొడుగాటి లోలకం పెడితే పెట్టెమంచానికి కన్నం చెయ్యాల్సి వచ్చేదట. ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదట. ఆయన పొట్టి లోలకం పెట్టుకుని లెక్కలన్నీ మళ్ళీ కట్టుకున్నాట్ట. సౌరకుటుంబాన్నే సవరింపజేసిన ఇల్లాలు!

మేమక్కడ ఉండగానే ఒక బస్సు దిగింది. వాళ్ళకిచ్చింది 20 నిమిషాలు. ఏడేళ్ళు కట్టిన ఆకాశం కింద 20 నిమిషాలు నిలబడి, అందులో 15 ఫోటోలకు పోగా, ఆడవాళ్ళు పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయారు.

మాకు ఎక్కువసేపు పట్టింది వంతెనల దగ్గర. పడవ వస్తే వంతెన లేస్తుంది, మనం ఆగాలి. కొన్నిచోట్ల వంతెన కాపలాదారు గాలానికి కొయ్యచెప్పు కట్టి కిందికి వదుల్తాడు, పడవవాళ్ళు సుంకం అందులో వేస్తారు. ఈలోగా గట్టు మీద డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు సైకిలు దిగి సంచీలోంచి యాపిల్ తీసి తాపీగా తింటుంటారు. హారన్లు లేవు, తిట్లు లేవు. మన రైల్వేగేటు గుర్తొచ్చి నాకే సిగ్గేసింది.

హిండెలోపెన్ పూర్వం ఓడ కెప్టెన్ల ఊరు. 1932లో పెద్ద ఆనకట్ట కట్టి సముద్రపు పాయను వేరుచేశాక ఊరి ముందున్నది మంచినీటి సరస్సైంది. అక్కడి మ్యూజియంలో ఆడవాళ్ళు తొడుక్కునే పొడుగాటి అంగీ ఒకటి చూశాను. తెల్లటి నూలుగుడ్డ మీద ఎర్రపూలు, నీలి ఆకులు, మెలికలు తిరిగే తీగ. ఎక్కడో చూశానే అనుకుంటూ చీటీ చదివితే కోరమాండల్ తీరం అని ఉంది. మన కోస్తానండీ! డచ్చి కంపెనీ 1605 నాటికే బందరులో దిగింది. పాలకొల్లులోనూ గిడ్డంగులు పెట్టింది. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, కలంతో గీసిన గీత, ఇవన్నీ ఓడలెక్కి వచ్చి ఈ చలిదేశపు కెప్టెన్ల భార్యల భోషాణాల్లో చేరాయి. లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో అలాంటి గుడ్డలు బోలెడున్నాయి, 2017లో వాటికే ప్రత్యేక ప్రదర్శన పెట్టారు. తొడుక్కున్నావిడ పేరు దొరికినా దొరకవచ్చు. గీసిన మనిషి పేరు ఏ చీటీ మీదా లేదు. నేను అలా నిలబడిపోవడం చూసి మ్యూజియం అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. ఎనిమిది దేశాల టూరులో ఈ ఊరు ఉండదు. ఉన్నా ఆ కుర్చీ ఉండదు.

ఆ ఊళ్ళో పెద్ద ఇళ్ళ వెనకాల బుల్లి ఇళ్ళుంటాయి. వేసవిలో కెప్టెను ఓడ మీద ఉంటే భార్యాపిల్లలు ఆ బుల్లి ఇంట్లో సర్దుకునేవాళ్ళు. ఆయనకు సముద్రమంతా, ఆవిడకు పెరడు. ఆ లెక్క మనకు తెలియనిది కాదు.

స్టావొరెన్ సంగతి మరీ విడ్డూరం. ఒకనాటి గొప్ప రేవు ఇసక మేటలు వేసి దెబ్బతింది. కారణం ఏమిటో తెలుసా? ఒక ఆడదాని పొగరు! సొంత ఓడలున్న సంపన్నురాలైన విధవరాలు, లోకంలోకెల్లా విలువైనది తెమ్మని ఓడను పంపితే కెప్టెను గోధుమలు తెచ్చాడట. ఆవిడ మండిపడి వాటిని రేవులో పోయించింది. దరిద్రం వస్తుందని ఎవరో అంటే ఉంగరం సముద్రంలోకి విసిరి, ఇది మళ్ళీ నా చేతికొస్తే అదీ వస్తుందంది. చేపకడుపులో ఉంగరం దొరికింది, ఆవిడ బిచ్చమెత్తింది, పోసిన గోధుమ మొలిచి రేవుకు ఇసక అడ్డుపడింది. ఇప్పుడు రేవు ఒడ్డున ఆవిడ విగ్రహం ఉంది. ప్రవాహం ఇసక తెచ్చి పోస్తే రేవులు పూడతాయి, మన కోరంగి పూడలేదూ? అక్కడ మగవర్తకులు వందలమంది ఉండి ఉంటారు, ఒక్కడి పొగరుకూ గుప్పెడు ఇసక పడలేదు! ఆవిడ చేసిన నేరం గోధుమలు పారబోయడం కాదు, ఓడలు సొంతంగా ఉండటమని నా అనుమానం. ఆవిడ పక్కన కూర్చుని మేము పెరుగన్నం తిన్నాం. అవును, ఆవకాయ సీసా కూడా తీసుకెళ్ళాను. స్వాతంత్ర్యానికీ ఆవకాయకీ విరోధం లేదు.

ఇక డబ్బు మాట. ఇది నా పుస్తకాల మీద వచ్చిన డబ్బు, ఎవరి ఫీజూ కోసి వెళ్ళలేదు. చిన్న బసలు, బజారు రొట్టె, అద్దె సైకిలు. అంత లేనివాళ్ళ మాటేమిటంటారా? ఫ్రీస్‌లాండే వెళ్ళమని ఎవరన్నారు! కోనసీమలో కాలవలు లేవా, గట్లు లేవా, కొబ్బరి నీడ లేదా? ఉన్నాయి. అయితే ఒక నలభై ఆరేళ్ళ గృహిణి అమలాపురం కాలవగట్టు మీద ఉత్తినే సైకిలు తొక్కుకుంటూ వెళితే, ఊరు ఊరంతా "ఎవరింటికమ్మా? ఎవరికేమైంది?" అని అడగకుండా వదిలిపెడుతుందా? ఆ ప్రశ్న లేని చోటు కోసమే నేను అంతదూరం విమానం ఎక్కాను. అంత డబ్బూ అయింది అందుకే.

సైకిళ్ళు అప్పగించాల్సిన నాటికి పదకొండో ఊరు డాక్కుమ్ మిగిలిపోయింది. పొద్దున్నే బయలుదేరితే లెక్క పూర్తవుతుందని చెల్లెలు అంది. నేను వద్దన్నాను. స్నేక్‌లో 1613 నాటి జంట గోపురాల నీటిద్వారానికి ఎదురుగా, కాలవ ఒడ్డున బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని బాతుల్ని చూశాం.