మెదడులో యాంటీవైరస్

మొన్న మా టీంలో ఒకబ్బాయి కాలికి గాట్లు కనబడితే ఏంటని అడిగా. "అపార్ట్‌మెంట్ కింద కుక్కపిల్ల కరిచిందన్నా, బుజ్జిదే. పసుపు పెట్టా" అన్నాడు. మరి ఇంజెక్షనో? "ఇమ్యూనిటీ ఉంటుంది కదన్నా" అట!

ఉంటుంది, కాదనను. కానీ మెదడు దగ్గర దాని లెక్కలు వేరు. లివర్ కణంలో వైరస్ దూరితే శరీరం ఆ కణాన్నే చంపేస్తుంది, కొత్తది పుట్టుకొస్తుంది. ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకున్నట్టు. న్యూరాన్ బ్యాకప్ లేని ప్రొడక్షన్ సర్వర్. పోతే పోయినట్టే. అందుకని మెదడు వీలైనంత వరకూ కణాన్ని కాపాడుతూ లోపలి వైరస్‌ని అణచాలని చూస్తుంది. ఒక ఆయుధం 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టిన ఇంటర్‌ఫెరాన్. వైరస్ సోకిన కణం పక్కవాటికి పంపే హెచ్చరిక అది. అందుకున్న కణాలు వైరస్ కాపీలు తీసుకునే దారులు మూసేస్తాయి.

నాకు భలే నచ్చింది 1991లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు ఎలుకల మీద చేసిన ప్రయోగం. పుట్టుకతోనే ఇమ్యూనిటీ లేని ఎలుకల మెదడులోకి సిండ్‌బిస్ వైరస్ ఎక్కించి, తర్వాత యాంటీబాడీలు ఇచ్చారు. న్యూరాన్లు చావకుండానే వైరస్ అణిగిపోయింది. వైరస్ ఆర్‌ఎన్‌ఏ మాత్రం లోపల మిగిలే ఉంది. అంటే డిలీట్ కాదు, క్వారంటైన్ అన్నమాట.

ఇంత నాజూకు ఏర్పాటుతో రేబీస్ ఆడుకుంటుంది. నరంలోకి దూరి మెదడుకి పాకుతుంది. దాని ప్రోటీన్ ఒకటి ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్నే అడ్డుకుంటుంది, అలారం వైరు కోసిన దొంగలాగ. లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ళమీద లెక్కే.

అన్నట్టు, మన చిన్నప్పటి బొడ్డు చుట్టూ 14 సూదులు గుర్తున్నాయా? ఆ మందు గొర్రె మెదడులో పెంచిన వైరస్‌తో చేసేవాళ్ళు. కొందరిలో ఆ మెదడు పదార్థం వల్ల వాళ్ళ ఇమ్యూనిటీ వాళ్ళ మెదడు మీదే తిరగబడి పక్షవాతం వచ్చేది. 2005 ప్రాంతంలో మన దేశంలో ఆపేశారు. ఇప్పటివి కణాల్లో పెంచిన టీకాలు, చేతికే వేస్తారు, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. అయినా ఆ పాత భయం ఇంకా ఇళ్ళల్లో తిరుగుతూనే ఉంది.

"ప్రకృతే చూసుకుంటుంది" అనేవాళ్ళతో నా పేచీ ఇక్కడే. మెదడు విషయంలో ప్రకృతి కావాలనే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. టీకా పని వైరస్ నరంలోకి దూరకముందే జరగాలి.

మావాడితో పావుగంట సబ్బు పెట్టి కాలు కడిగించి, లంచ్ టైములో ఆసుపత్రికి లాక్కెళ్ళా. గాయం చుట్టూ సీరం, చేతికి మొదటి డోసు. రెండోది మూడు రోజులకి. క్యాలెండర్లో మీటింగ్ ఇన్వైట్ పంపా, యాక్సెప్ట్ చేశాడు :)