మోడల్ బందైంది, మిషన్ కాదు

పత్తి మోకాలెత్తుకు వచ్చేసరికి ఉప్పునుంతల మండలంలో కలుపు తరుముకొస్తుంది. కూలీలు దొరకని చోట కలుపు తీసే యంత్రాలు, భుజాన వేసుకుని గడ్డి కోసే మిషన్లు, వీపుకు తగిలించుకునే స్ప్రేయర్లు చేలల్లోకి దిగుతాయి. సరిగ్గా ఆ పది రోజుల్లోనే ఏదో ఒకటి మొరాయిస్తుంది. విరిగిన ముక్కను రుమాల్లో చుట్టుకుని రైతు అచ్చంపేటకో కల్వకుర్తికో బండి మీద పోతాడు. దుకాణంలో ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి చెప్పే మాట తరచూ ఒకటే: "అన్నా, ఆ మోడల్ బందైంది. సామాను వస్తలేదు. కొత్తది తీస్కపో."

ఆ మాటలో సగమే నిజం. కంపెనీ ఆ మోడల్‌ను ఆపేసి ఉండవచ్చు. అంతమాత్రాన ఆ ముక్క లోకంలో లేకుండా పోదు.

మిషన్ విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. కంపెనీ తన విడిభాగాల జాబితాలో ప్రతి ముక్కకూ ఒక సొంత నంబరు వేసుకుంటుంది. దుకాణదారు వెతికేది ఆ నంబరునే. కానీ లోపలి బేరింగ్‌ను గుడ్డతో తుడిస్తే దాని అంచు మీద, ఉదాహరణకు, 6204 అని ఉంటుంది. లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 47, మందం 14. ఏ దేశంలో, ఏ కంపెనీ చేసినా 6204 కొలతలు ఇవే. ఆయిల్ సీల్ ముఖం మీద మూడు అంకెలుంటాయి: షాఫ్ట్ ఎంత, గూడు ఎంత, మందం ఎంత అని. బెల్టు మీద ఏ-42 అని ఉంటే, 'ఏ' అన్నది 13 మిల్లీమీటర్ల వెడల్పున్న రకం, 42 అన్నది అంగుళాల్లో పొడవు. కంపెనీ నంబరుతో "బందైన" ఈ మూడూ సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో మామూలు నంబర్లతో అడిగితే దొరికే సరుకే.

గడ్డి కోసే చిన్న మిషన్లలో ఇంకో విశేషం ఉంది. డజన్ల కొద్దీ పేర్లతో, రంగురంగుల మూతలతో అమ్మే వాటిలో చాలావాటికి గుండె ఒక్కటే. ఇంజన్ మీద 1ఈ44ఎఫ్ అని ఉంటే, ఒకే సిలిండర్, టూ స్ట్రోక్, 44 మిల్లీమీటర్ల బోరు, గాలితో చల్లబడేది అని అర్థం. ఆ కోవ ఇంజన్ల కార్బ్యురేటర్, పిస్టన్, రింగులు, ఇగ్నిషన్ కాయిల్ చాలావరకు ఒకదానివి ఇంకొకదానికి సరిపోతాయి. స్టిక్కర్ మీది పేరు మాయమైతే రైతు చేతిలోని మిషన్ చచ్చిపోయినట్టు కాదు. ఈ చిన్న విషయం కౌంటర్ దగ్గర చెప్పేవాళ్లు తక్కువ. చెబితే కొత్త మిషన్ అమ్ముడుపోదు.

నంబరుకు లొంగని ముక్కలూ ఉంటాయి. అరిగిన షాఫ్ట్, వదులైన బుష్, పగిలిన పోత ఇనుము వంటివి. వాటికి మందు లేత్ దగ్గర ఉంది. అరిగిన షాఫ్ట్ మీద వెల్డింగ్‌తో లోహం నింపి, మళ్లీ కొలతకు తిప్పుతారు. గన్ మెటల్ కడ్డీ నుంచి కొత్త బుష్ తీస్తారు. సిలిండర్ గీతలు పడితే బోరు కొట్టించి అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తారు, అదీ కుదరకపోతే స్లీవ్ దించుతారు. పోత ఇనుము పగిలితే ముందు బాగా వేడిచేసి అతికించి, ఆ తర్వాత బూడిదలో పాతిపెట్టి నిదానంగా చల్లారనిస్తారు. తొందరపడి గాలికి వదిలేస్తే అతుకు పక్కనే కొత్త బీట పడుతుంది. ఇవి చాలావరకు కంపెనీ పుస్తకాల్లో దొరకని పనులు. చేసే చేయి చూసి నేర్చుకున్నవి.

ఈ విద్యకు ఎంత బలముందో ఆయిల్ ఇంజన్ కథ చెబుతుంది. విచిత్రంగా ఆ కథ గడ్డి కోసే మిషన్‌తోనే మొదలవుతుంది.

1830లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ లాన్ మూవర్‌కు పేటెంటు పొందాడు. ఉన్ని బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రం చూసి, గడ్డిని కూడా అలాగే కోయవచ్చునని అతనికి తట్టింది. ఆ తర్వాత అతను డర్స్‌లీ అనే చిన్న పట్టణంలో జార్జ్ లిస్టర్‌తో కలిసి ఉన్ని ఏకే యంత్రాల మీద పనిచేశాడు. ఆ జార్జ్ కొడుకు రాబర్ట్ ఆష్టన్ లిస్టర్ 1867లో అదే ఊళ్లో సొంత కంపెనీ పెట్టాడు. 1930 ప్రాంతంలో ఆ కంపెనీ తెచ్చిన డీజిల్ ఇంజన్, తర్వాతి రూపంలో, నిమిషానికి 650 చుట్లు మాత్రమే తిరుగుతూ, బరువైన ఫ్లైవీల్‌తో, 6 గుర్రాల శక్తి ఇచ్చేది. కరెంటు చేరని కాలంలో ఈ తరహా ఇంజన్లు మన దేశంలో ఎన్నో బావుల దగ్గర నీళ్లు తోడాయి, గిర్నీల్లో పిండి పట్టాయి.

ఇంగ్లండులో ఆ ఇంజన్ తయారీ 1987లో ఆగిపోయింది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఆగలేదు. అక్కడి చిన్న ఫౌండ్రీలు, వర్క్‌షాపులు పిస్టన్ నుంచి ఫ్లైవీల్ దాకా అన్నీ పోతపోసి, తిప్పి, అమ్ముతూనే వచ్చాయి. ఇంగ్లండులో పాత లిస్టర్లను అపురూపంగా దాచుకున్నవాళ్లు ఇప్పుడు విడిభాగాలు భారతదేశం నుంచే తెప్పించుకుంటున్నారు. పుట్టినింట్లో ఆగిన యంత్రం మెట్టినింట్లో బతికింది. దాన్ని బతికించింది ఏ కంపెనీ దయా కాదు. విప్పితే అర్థమయ్యే నిర్మాణం, కొలిస్తే దొరికే కొలత, పేటెంటు అడ్డు లేని కాలం, ఈ మూడూ కలిసి బతికించాయి.

హెచ్ఎంటీ ట్రాక్టరుదీ దాదాపు అదే దారి. చెకోస్లొవేకియా జెటర్ సాయంతో 1971లో హర్యానాలోని పింజోర్‌లో మొదలైన ఆ విభాగాన్ని మూసేయాలని కేంద్ర మంత్రివర్గం 2016 అక్టోబరులో నిర్ణయించింది. ఫ్యాక్టరీ పోయింది. అయినా బయటి తయారీదారుల విడిభాగాలతో ఆ ట్రాక్టర్లు ఇంకా తిరుగుతున్నాయి. ప్లాస్టిక్ గేరు, అతికించి మూసేసిన ఎలక్ట్రానిక్ పెట్టె ఉన్న నేటి చిన్న మిషన్లకు ఆ అదృష్టం లేదు. వాటిని లేత్ మీద పుట్టించలేం. అందుకే నిబంధనలు కావాలి.

ఈ దిశలో దేశంలో కొంత కదలిక ఉంది. స్వతంత్ర మెకానిక్‌లకు విడిభాగాలు, సాంకేతిక సమాచారం అందకుండా చేశారని 14 కార్ల కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు, ముందుగా దృష్టి పెట్టాల్సిన రంగాల్లో వ్యవసాయ పరికరాలను కూడా చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న కంపెనీల మరమ్మతు సమాచారాన్ని ఒకచోట చేర్చే పోర్టల్ తెరిచింది. ఆ తర్వాత నాగలి వెనక్కి పోయి ఫోను ముందుకొచ్చింది. ఏ వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో మార్కులు వేసే సూచీ మీద 2025 మేలో అందిన నివేదిక మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువుల కోసం తయారైంది. ఫోను పాడైతే ఒక రోజు ఇబ్బంది. అదనులో కలుపు మిషన్ పాడైతే ఒక పంట ఇబ్బంది. ముందుండాల్సింది ఏదో వ్యవసాయం తెలిసిన ఎవరినడిగినా చెబుతారు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ఈ లెక్క సరిగ్గా వేసింది. వ్యవసాయ యంత్రాలు చేసే కంపెనీలు విడిభాగాలు, పనిముట్లు, మాన్యువళ్లు, సాఫ్ట్‌వేర్ రైతుకూ, అతనికి నచ్చిన మెకానిక్‌కూ ఇవ్వాల్సిందేనని 2023లో చట్టం చేసి 2024 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది. యూరప్‌లో 2021 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం వాషింగ్ మెషీన్‌కు సైతం పదేళ్లపాటు విడిభాగాలు ఇచ్చి తీరాలి. అమెరికాలో ఇంటి ముందు గడ్డి కోసుకునే తెలుగు కుటుంబాలకు ఇలాంటి సౌలభ్యం తెలుసు. మూవర్లకు వాడే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ ఇంజన్ మీద చెక్కి ఉండే మోడల్, టైప్, కోడ్ అనే మూడు నంబర్లు పట్టుకుంటే ఏళ్లు గడిచిన మూవర్‌కూ సరిపోయే ముక్కేదో తేలుతుంది.

మన దగ్గర ప్రభుత్వం చేతిలో ఒక బలమైన పగ్గం ఉంది. అది సబ్సిడీ. వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ 2014-15 నుంచి నడుస్తోంది. ఆ డబ్బుతో మిషన్ కొనిపించేటప్పుడు, చివరి మిషన్ అమ్మిన రోజు నుంచి పదేళ్లు విడిభాగాలు దొరకాలని షరతు పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఒప్పందంలో ఒక పేరా చాలు. ఇంకో అడుగు వేయాలి: ఒక ముక్క తయారీ ఆపేసిన రోజు, దాని డ్రాయింగు, కొలతలు, ఏ లోహంతో చేశారన్న వివరం కంపెనీ ప్రభుత్వానికి అప్పగించాలి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌కు ఆ డ్రాయింగులు భద్రపరిచే సత్తా ఉంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టారు. కంప్యూటర్‌తో నడిచే లేత్‌లు, త్రీడీ ప్రింటర్లు అక్కడికి వస్తున్నాయి. పిల్లలు ఏదో ఒక నమూనా చేసి నేర్చుకోవాలి కదా. ఆ నమూనా అచ్చంపేట రైతు స్ప్రేయర్ గేరే ఎందుకు కాకూడదు?

కంపెనీలు చెప్పే అభ్యంతరాన్ని కొట్టిపారేయకూడదు. నకిలీ ముక్క ప్రాణం తీయగలదు. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు, దాన్ని పట్టి ఉంచే బోల్టు, కాళ్లకు అడ్డుగా ఉండే రేకు, వీటిని ఊరి వెల్డింగ్‌తో అతికించడం ఎప్పటికీ తప్పే. బ్లేడు వంగితే పారేయాలి. అయితే డ్రాయింగూ, లోహం వివరమూ దాచిపెడితే నకిలీలు తగ్గవు, పెరుగుతాయి, ఎందుకంటే అందాజా మీద చేసేవాడికే అప్పుడు గిరాకీ. ఇక మేధోహక్కుల వాదనంటారా, మన చట్టంలో నమోదైన డిజైన్‌కు రక్షణ గరిష్ఠంగా 15 ఏళ్లు, పేటెంటుకు 20 ఏళ్లు. అన్ని రకాల గడువులూ దాటిన పాత యంత్రం బుష్ కొలత రహస్యంగా ఉంచడానికి కారణమే కనిపించదు.

సబ్సిడీ మిషన్ కోసం దరఖాస్తు పెట్టే రైతు ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా కాగితాలు పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్తాడు. తాను ఎవరో, భూమి ఎంతో, ఖాతా ఎక్కడో అన్నీ రుజువు చేసుకుంటాడు. అమ్మే కంపెనీ మాత్రం తన మిషన్‌లో ఏ బేరింగ్ ఉందో, ఏ బెల్టు ఉందో, వాటి మామూలు నంబర్లు ఏమిటో చెప్పకుండానే డబ్బు తీసుకుంటుంది. ఆ ఒక్క పేజీ జాబితా తెలుగులో అచ్చు వేసి మిషన్‌తో పాటు ఇవ్వాలని వచ్చే వానాకాలం పంపిణీకి ముందే వ్యవసాయ శాఖ ఉత్తర్వు ఇవ్వవచ్చు.