పక్షవాత రోగికి ఎముకల రక్షణా చికిత్సయే

పక్షవాతం వచ్చిన ఇంట అందరి దృష్టీ చచ్చుబడిన కాలుచేతుల మీదనే ఉంటుంది. వాటిలోని ఎముకల సంగతి ఎవరికీ స్ఫురించదు. ఇది పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఆ పొరపాటు నేనూ చేశాను.

చాలా సంవత్సరాల క్రితం ఒక పెద్దాయన పక్షవాతం నుండి కోలుకొని, చేతికర్ర సాయంతో నాలుగడుగులు వేయసాగారు. ఒక రాత్రి స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి నొప్పిగా ఉన్నదని ఇంటివారు కబురు చేయగా, వాతపు నొప్పి అనుకొని, రోగిని చూడకుండానే తైలమర్దనం చెప్పాను. నాలుగవనాడు ఎక్స్‌రే తీయిస్తే తుంటి ఎముక విరిగి ఉంది. శస్త్రచికిత్స జరిగింది కానీ, ఆయన మళ్ళీ తనంతట తాను నడవలేదు.

అస్థులు వాతానికి స్థానమని అష్టాంగహృదయం చెబుతున్నది. పక్షవాతమూ వాతవ్యాధియే. ఆధునిక వైద్యులు చెప్పేదీ గమనించదగినది. కదలిక లేని అవయవంలో ఎముక పలుచబడుతుంది. రోగి తరచు బలహీనమైన వైపుకే పడతాడు. స్పర్శ మందగించినవారికి నొప్పి సరిగా తెలియదు, మాట పడిపోయినవారు చెప్పుకోలేరు. ఎముక విరిగితే, కోలుకోవడానికి అనువైన తొలి నెలలు మంచం మీదనే గడిచిపోతాయి.

కనుక గృహస్థులకు నా మనవి. పడిన రోగి కాలు పొట్టిగా కనిపించినా, పాదం వెలుపలికి తిరిగినా, బరువు మోపలేకపోయినా మర్దనం చేయరాదు, లేపి నడిపించరాదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఎక్స్‌రే తీయించాలి. సుశ్రుతుడు 12 విధాల అస్థిభగ్నాలను వివరించి, కట్లు కట్టే పద్ధతీ చెప్పాడు. ఆ విద్యపై నాకు గౌరవం ఉన్నది. అయినా తుంటి విరుపును నాటుకట్టుకు వదలరాదు. రోగి రక్తం పలుచబరచే మాత్రలు వాడుతుంటే శస్త్రవైద్యునికి తెలపాలి. సొంతంగా ఆపరాదు.

పడకుండా చూడటం అన్నిటికంటె మేలు. స్నానాలగదిలో తడి నిలువరాదు. గోడకు పట్టుకొనే కడ్డీ, రాత్రి చిన్న దీపం ఉండాలి. వైద్యులు నేర్పిన వ్యాయామం, ఉదయపు ఎండ, పాలు, నువ్వులు, రాగిజావ ఎముకకు బలం. 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే మింగడం కష్టమైనవారికి వైద్యుని అడగకుండా ఏదీ నోట పోయరాదు.

ఆ పెద్దాయన తరువాత, పడిన రోగికి ఎక్స్‌రే చూడకుండా నేను తైలం చెప్పలేదు.