మొండితనం కాదు, కడుపునొప్పేమో!

శుక్రవారం సెలవు. క్యాంపులో వంట ముగించుకుని ఇంటికి ఫోన్ చేస్తాం. ‘రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాడు, చెయ్యి కొరుక్కుంటున్నాడు’ అంటుంది ఇల్లాలు. ఆటిజం ఉన్న పిల్లాడు. మనమేమో ఇక్కణ్నుంచి ‘నీ గారాబం వల్లే మొండికేస్తున్నాడు’ అని కసురుకుంటాం. ఫోన్ పెట్టేశాక మనకూ ముద్ద దిగదు.

ఒక్క మాట అడగడం మరిచిపోతున్నాం: ‘వాడికి దొడ్డికి వచ్చి ఎన్నాళ్లయింది?’

ఆటిజం పిల్లల్లో మలబద్ధకం, కడుపునొప్పి, విరేచనాలు మిగతా పిల్లల్లో కంటే ఎక్కువ. మాటలు రాని బిడ్డ నొప్పి అని చెప్పలేడు. తల బాదుకుంటాడు, పొట్టను మంచానికేసి నొక్కుకుంటాడు, నిద్రపోడు, దగ్గరికెళితే కొడతాడు. అది కోపం కాదు, వాడికి తెలిసిన భాష. ప్రవర్తన ఉన్నట్టుండి మారితే కడుపు సంగతి కూడా చూడాలని 2010లో అమెరికా వైద్య పత్రిక ‘పీడియాట్రిక్స్’లో నిపుణులు చెప్పారు.

అలాగని ఆటిజం పేగుల్లోంచే పుట్టిందని నమ్మకూడదు. టీకాకూ, పేగు జబ్బుకూ, ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ వ్యాసాన్ని ‘లాన్సెట్’ 2010లో రద్దు చేసింది. 2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు 247 మంది పిల్లల్ని పరిశీలించారు. తిండిలో రకాలు తగ్గడం వల్లే పేగుల్లోని సూక్ష్మజీవుల్లోనూ రకాలు తగ్గుతున్నట్టు వారికి కనిపించింది. పెరుగన్నం, బిస్కెట్లు తప్ప మరేదీ ముట్టని పిల్లలు మన ఇళ్లల్లోనూ ఉన్నారు కదా!

మన భయమే కొందరికి వ్యాపారం. కడుపు బాగుచేసి ఆటిజం పోగొడతామని పొడులు అమ్ముతారు. పాలు, గోధుమలు మానిపిస్తే చాలంటారు. దానికి గట్టి ఆధారం లేదు, డాక్టర్ని అడక్కుండా మానిపిస్తే బిడ్డ బలం తగ్గుతుంది. స్టెమ్ సెల్ వైద్యమని లక్షలు అడిగేవాళ్లూ ఉన్నారు. ఆటిజానికి అది వద్దని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఎండలో ఓవర్‌టైమ్ చేసిన డబ్బు అలా పోకూడదు.

ఖర్చు లేని పని ఒకటుంది. ఏం తిన్నాడు, ఎప్పుడు దొడ్డికి వెళ్లాడు, ఎప్పుడు ఏడ్చాడు అని రెండు వారాలు నోటు పుస్తకంలో రాయించి, పిల్లల డాక్టర్‌కి చూపించమందాం. మలబద్ధకానికి మందుంది. అది తగ్గితే ఆటిజం పోదు. కానీ పిల్లాడు నిద్రపోవచ్చు, తల్లీ కాస్త కన్ను మూయొచ్చు.

వచ్చే శుక్రవారం కసురుకోవద్దు. ముందు వాడి కడుపు గురించి అడుగుదాం. తర్వాత ‘నువ్వు తిన్నావా?’ అని ఆమెనూ అడుగుదాం.