డబ్బా మీద 17 ఉంది, ఆడేది ఆరో తరగతి



మన ఎల్లంతకుంట చుట్టుపక్కల ఊళ్లలో దుబాయ్, మస్కట్, సౌదీ వెళ్లొచ్చే నాన్నలున్న ఇళ్లు చాలా. ఒకప్పుడు వాళ్ల అట్టపెట్టెల్లో టేప్‌రికార్డర్, కంబళి, సెంటు సీసా వచ్చేవి. ఇప్పుడు కొన్ని ఇళ్లకు ప్లేస్టేషన్ వస్తోంది. దాంతోపాటు పిల్లలు అడిగి మరీ తెప్పించుకునే గేమ్ ఒకటుంది. దాని గురించే ఈ నెల నాలుగు మాటలు.

యూఎఫ్‌సీ అనేది మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నిర్వహించే అమెరికా సంస్థ. బాక్సింగ్ గుద్దులు, కిక్‌బాక్సింగ్ తన్నులు, కుస్తీ పట్లు, జుజుత్సు బిగింపులు అన్నీ ఒకే పోటీలో ఉంటాయి. 2022లో వచ్చిన విజయ్ దేవరకొండ సినిమా 'లైగర్' చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. ఆ పోటీలను టీవీ తెర మీద ఆడించే గేమ్ 'ఈఏ స్పోర్ట్స్ యూఎఫ్‌సీ 5'. 2023 అక్టోబర్‌లో విడుదలైంది. అందులో మనుషులు అచ్చం నిజం మనుషుల్లాగే ఉంటారు. దెబ్బ తగిలినచోట వాస్తుంది, కనుబొమ్మ చిట్లి రక్తం కారుతుంది. గాయం పెద్దదైతే డాక్టర్ పోటీ ఆపించేస్తాడు కూడా.

అమెరికాలో గేమ్‌లకు వయసు రేటింగ్ ఇచ్చే సంస్థ ఈఎస్ఆర్‌బీ. దీనికి ముందు వచ్చిన యూఎఫ్‌సీ 4కు ఆ సంస్థ 13 ఏళ్లు దాటినవారి రేటింగ్ ఇచ్చింది. యూఎఫ్‌సీ 5కు దాన్ని 17 ఏళ్లకు పెంచింది. అంటే ఇంటర్ సెకండియర్ వయసు. మా దగ్గర దీని గురించి మాట్లాడుకునేది ఆరు, ఏడు తరగతుల పిల్లలు. పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్ ఉన్న సినిమాకు పిల్లవాణ్ని తీసుకెళ్తే థియేటర్ గేటు దగ్గర ఆపాలి. ఇంట్లో ఆడే గేమ్‌కు అలాంటి గేటు లేదు. ఆ గేటు దగ్గర నిలబడాల్సింది మీరే.

గేమ్ ఆడిన ప్రతి పిల్లవాడూ రౌడీ అయిపోతాడని నేను అనను. హింసాత్మక గేమ్‌లే పెద్ద నేరాలకు కారణమని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో స్పష్టం చేసింది. అయితే అరవడం, నెట్టడం లాంటి చిన్న దూకుడుతో కొద్దిపాటి సంబంధం కనిపిస్తోందని కూడా చెప్పింది. టీచర్‌గా నా భయం అంతకంటే చిన్నది, దగ్గరిది. అది మెడ పట్టు.

ఈ ఆటలో వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి మోచేతి మడతలో బిగించే పట్టు ఉంది. దాన్నే చోక్ అంటారు. మెడకు రెండు వైపులా మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు ఉంటాయి. అవి గట్టిగా నొక్కుకుంటే కొద్ది సెకన్లలోనే పెద్దవాళ్లకైనా స్పృహ తప్పుతుంది. అసలు పోటీలో బరువు తూచి, సమానమైనవాళ్లనే దింపుతారు. రిఫరీ అడుగు దూరంలో ఉంటాడు. ఓడిపోతున్నవాడు చేత్తో తట్టగానే వదిలేయాలి. లంచ్ బ్రేక్‌లో రిఫరీ ఎవరు? ఐదో తరగతి పిల్లవాడి మెడను ఎనిమిదో తరగతి పిల్లవాడు పట్టుకుంటే బరువు తూచేదెవరు? తెర మీద ఓడినవాడు మళ్లీ బటన్ నొక్కితే లేచి నిలబడతాడు. పిల్లలు చూసేది అదే.

కాబట్టి మూడు పనులు చేయండి. మొదటిది, కొనేముందు డబ్బా మీద వయసు అంకె చూడండి. అంకె పెద్దదైతే ఆ గేమ్ వద్దని చెప్పి, పిల్లవాడి వయసుకు తగిన క్రికెట్, ఫుట్‌బాల్ గేమ్ తెచ్చివ్వండి. రెండోది, కన్సోల్‌లో పిల్లవాడి పేరుతో వేరే అకౌంట్ పెట్టి వయసు హద్దు, రోజుకు ఎంతసేపు, నెలకు ఎంత ఖర్చు అన్నవి సెట్ చేయండి. ప్లేస్టేషన్ ఫ్యామిలీ యాప్‌తో గల్ఫ్‌లో ఉన్న నాన్న కూడా తన ఫోన్ నుంచే ఈ పని చేయొచ్చు. ఇంట్లో అమ్మ ఒక్కరే రోజూ పోట్లాడే అవసరం తగ్గుతుంది. మూడోది, ఈ రాత్రే పిల్లలతో ఒక మాట చెప్పండి: "ఎవరి మెడా పట్టుకోవద్దు, సరదాకి కూడా."

పిల్లవాడికి నిజంగా ఈ ఆటల మీద ఇష్టముంటే దాన్ని చంపేయకండి. కోచ్ ఉన్నచోటికి పంపండి. పక్క జిల్లా నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. వాళ్ల నాన్న కూడా సౌదీలో పనిచేసి వచ్చినవారే. కూతురికి తొలి పాఠాలు నేర్పింది ఆయనే. కోచ్ దగ్గర గుద్దడం కంటే ముందు ఆగడం నేర్పుతారు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతోపాటు మీ ఇంట్లో ఏ గేమ్ ఉందో కూడా మాకు చెప్పండి. తప్పుపట్టడానికి అడగడం లేదు. లంచ్ బ్రేక్‌లో మేం ఎటువైపు కన్నేసి ఉంచాలో దాన్నిబట్టి తెలుస్తుంది.