కంటోన్మెంటు పౌరులకొక ప్రశ్న

తిరుమలగిరి యందలి యొక పఠనమందిరమున మేము మిత్రులతో ముచ్చటించుచుండగా, ఉద్యోగవిరమణ చేసిన యొక పెద్దమనిషి చేతిలోని పత్రిక మడిచి బల్లపై బెట్టి యిట్లనెను: "వకీలుగారూ, ఈ యెన్నికల గొడవ మీకేల? ఎన్నికైనవారు మనల నేమి యుద్ధరించిరి? ఇప్పుడు ఒక్క దొరగారు సంతకము చేసిన పని జరుగుచున్నది. నల్లా నీరు వచ్చిన జాలదా?" ప్రక్కనున్నవారిలో నలుగురు తలలూపిరి. ఈ వ్రాత ఢిల్లీ ప్రభువుల కొఱకు గాదు. తలలూపిన యా నలుగురి కొఱకు.

సికింద్రాబాదు కంటోన్మెంటు బోర్డునకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగి, ఎనిమిది వార్డుల నుండి ఎనమండుగురు సభ్యులు వచ్చిరి. వారి గడువు 2020 ఫిబ్రవరితో తీరినది. రెండు మారులు ఆరేసి నెలలు పొడిగించి, 2021 ఫిబ్రవరిలో వారి నింటికి బంపిరి. అటుపిమ్మట బోర్డనగా ముగ్గురు: సేనాధికారి యైన యధ్యక్షుడు, ముఖ్య కార్యనిర్వహణాధికారి, కేంద్రప్రభుత్వము నియమించిన యొక పౌరుడు. 2011 జనాభా లెక్కలలోనే రెండు లక్షలు దాటిన జనమునకు ప్రతినిధి యొక్కడు. వాడును మీ యోటుతో వచ్చినవాడు గాడు.

ఇది చట్టవిరుద్ధమని మే మనము. 2006 నాటి కంటోన్మెంట్ల చట్టములో 13వ సెక్షను కలదు. సైనికచర్యల కారణముగ గాని, పరిపాలన కుచితమని తోచినపుడు గాని బోర్డు స్వరూపమును మార్చవచ్చునని దాని యర్థము. గడువు ఏడాది మించరాదు. కాని మఱల నేడాది చొప్పున పొడిగింపవచ్చును. తలుపు బెట్టి గొళ్లెము బెట్ట మఱచినట్లున్న యీ నిబంధన, ఆంగ్లేయుల 1924 నాటి చట్టము నుండి మనకు సంక్రమించిన యాస్తి! బోయినపల్లిలో ఏ యుద్ధము జరుగుచుండెనని దీని నిన్ని యేండ్లు పొడిగించిరి? 2023 ఫిబ్రవరిలో 57 కంటోన్మెంట్లకు ఏప్రిల్ 30వ తేదీన ఎన్నికలని ప్రకటించి, మార్చిలోనే యా ప్రకటనను రద్దుచేసిరి. శుభలేఖలు పంచి ముహూర్తము మానుకొన్నట్లయినది.

ఆ యేడే నవంబరు 30న ఈ పౌరులే శాసనసభ కోటు వేసిరి. 2024 మే 13న లోకసభకును, ఉపయెన్నికలో మఱల శాసనసభకును, ఒక్క దినమున రెండోట్లు వేసిరి. దేశము నెవరు పాలింపవలెనో తేల్చుటకు తగిన రసూలుపుర కూలీ, తన వాకిటి మురుగుకాలువ నెవరు బాగుచేయింపవలెనో చెప్పుటకు తగడా?

వకీలుగా మాకు మిక్కిలి నవ్వు పుట్టించునది పదియవ సెక్షను. గ్రాంటులు పుచ్చుకొనుటకును, కేంద్రపథకము లమలుజరుపుటకును కంటోన్మెంటు బోర్డు రాజ్యాంగము చెప్పిన మునిసిపాలిటీయే యని యది పలుకుచున్నది. మునిసిపాలిటీకి అయిదేండ్ల గడువు తీరకముందే ఎన్నికలు జరుపవలెనని యా రాజ్యాంగమే శాసించినది గదా! సొమ్ము వచ్చు వేళ మునిసిపాలిటీ, ఓటు వేళ దండువిడిది.

ఎన్నికైనవారిలో లంచగొండులు లేరా? ఉందురు, కోర్టులలో వారిని చూచుచునే యున్నాము. కాని వారిని అయిదేండ్లకు గెంటుటకు మీ చేత నొక చీటియైన నుండును. నియమితుని గెంటుటకు మీ చేత నేమున్నది? స్థానిక స్వపరిపాలన పాలనలో నేర్పు కొఱకు గాదు, ప్రజల రాజకీయశిక్షణ కొఱకని 1882లో రిప్పన్ ప్రభువు, పరాయి దొర యయ్యు, ఒప్పుకొనెను. 1938లో హైదరాబాదు సంస్థానమున బాధ్యతాయుత ప్రభుత్వము కోరి జైళ్లకు పోయిన మన పెద్దలకును ఈ "మంచి దొర" మాటయే చెప్పిరి. వారు వినలేదు.

మఱికొందఱు విలీనము రానున్నది గదా, ఇప్పుడెన్నికలేల యందురు. హిమాచలమందలి యోల్ 2023లో కంటోన్మెంట్ల జాబితా నుండి తొలగినమాట నిజమే. విలీనమగు వఱకు పన్ను కట్టవలదని మీతో నెవరైన జెప్పిరా? పన్ను ఆగదు, ఓటు మాత్ర మాగవలెనా? అదియు గాక, భూముల హక్కులెవరివో, బోర్డు ఆస్తులును బాకీలును ఎవరికి జేరునో తేల్చు బల్లయొద్ద, మీ పక్షమున మాటలాడు హక్కుగలవా డెవడు?

సైన్యముపై మాకు గౌరవమే గాని ద్వేషము లేదు. సరిహద్దు గాచువారికి చెత్తబండ్ల లెక్క యప్పగించుట వారికిని మర్యాద గాదు.

కంటోన్మెంటు ఓటర్ల పట్టిక, శాసనసభ పట్టిక కంటె వేఱు. ఏటేట దానిని సవరింపవలెనని చట్టము. పదునెనిమిదేండ్లు నిండి, ఆరునెలలుగా నిచట నివసించు ప్రతివారును దాని కర్హులు. మీ పేరు అందున్నదా? ఈ మాట యడుగగా మన పెద్దమనిషి కొంత తడవు ఊరకుండి, "చూడలేదు" అనెను. వచ్చు సోమవారము ఆయనతో గూడి మేము బోర్డు కచేరీకి బోవుచున్నాము. పట్టికను జూచి, ఎన్నికల కొఱకు రక్షణశాఖకు బంపు అర్జీపై మొదటి సంతకము తానే చేయుదునని యాయన యొప్పుకొనెను. అర్జీ ప్రతి యా పఠనమందిరపు బల్లపైనే యుండును.