చెరకులో రెల్లు - మనకో మైక్రోస్కోపు

పెద్దయ్యాక ఏమవుతారని మన హాస్టల్లో ఎవరిని అడిగినా పోర్టులో ఉద్యోగం, లేకుంటే స్టీలు ప్లాంటు అంటారు. మంచిదే. కానీ మనలో చాలామంది అమ్మానాన్నలు చెరకు నరికిన చేతులతోనే మనల్ని చదివిస్తున్నారు. ఆ చెరకు వెనక ఉన్న శాస్త్రం మాత్రం మన కోరికల జాబితాలో లేదు. ఉండాలని నా అభిప్రాయం.

వాగు గట్టున తెల్లగా పూసే రెల్లుగడ్డి మనందరికీ తెలుసు. పశువు కూడా ముదిరితే ముట్టదు. 1912లో కోయంబత్తూరులో బార్బర్, వెంకట్రామన్ గార్లు లావాటి తియ్యని చెరకును ఈ రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన రకమే కో 205. చెరకు నుంచి 80, రెల్లు నుంచి 32, మొత్తం 112 క్రోమోజోములు దానిలో ఉన్నాయి. తీపి చెరకుది. ఎండకు, తెగుళ్లకు తట్టుకునే మొండితనం, కార్శి తోట బాగా పిలకలు వేసే గుణం రెల్లువి. నేటి చెరకు రకాల క్రోమోజోముల్లో సుమారు 10 నుంచి 20 శాతం రెల్లు వాటాయే.

ఆ వాటా ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? వేరు కొనలోని కణాలను గాజుపలకపై పరుస్తారు. రెల్లు డి.ఎన్.ఎ.కు మెరిసే రంగు తగిలించి, వేడిచేసి విడదీసి, దానిమీద వేస్తారు. అది తన జాతి ముక్కను వెతుక్కుని అతుక్కుంటుంది. మైక్రోస్కోపులో రెల్లు ముక్కలు వేరే రంగులో వెలుగుతాయి. గోధుమలో రై ధాన్యపు ముక్కల్ని కూడా ఇలాగే పట్టుకుంటారు. రై ముక్క గోధుమకు కుంకుమ తెగులు నుంచి రక్షణ ఇచ్చింది, కానీ పిండిని జిగురుగా మార్చింది. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చాలంటే ముందు కంటికి కనబడాలి కదా! పైగా ఒకే ముక్కను నమ్ముకున్నా ప్రమాదమే. 1999లో ఉగాండాలో గుర్తించిన కొత్త కుంకుమ తెగులు రై ఇచ్చిన ఆ రక్షణను దాటేసింది.

ఇది మనవల్ల అయ్యే పనా అని సందేహించే వారికి ఒక పేరు చెబుతాను. జానకి అమ్మాళ్. కేరళలోని తలస్సేరిలో, వెనుకబడిన తియ్య కులంలో 1897లో పుట్టారు. 1931లో అమెరికాలో డాక్టరేటు పొంది, కోయంబత్తూరులో చెరకు క్రోమోజోములపై పనిచేశారు. చెరకును మొక్కజొన్నతో కూడా సంకరం చేశారు. కులం, స్త్రీ అన్న రెండు చిన్నచూపులనూ ఎదుర్కొన్నారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు.

మనకు కోయంబత్తూరు దూరమే, అనకాపల్లి దూరం కాదు. అక్కడి చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచి ఉంది. విశ్వామిత్ర అని రైతులు పిలిచే 87ఎ298 రకం అక్కడిదే. చెరకు నరికే ఇంటి పిల్లలకు ఏ రకం ఎక్కడ పడిపోతుందో, ఏది కార్శికి నిలుస్తుందో తెలుసు. ఆ తెలివి పొలంలోనే ఆగిపోకూడదు, ప్రయోగశాలకు చేరాలి.

అందుకే రెండు మాటలు. హాస్టల్ పెద్దలు ఏడాదికొకసారి మమ్మల్ని ఆ కేంద్రానికి తీసుకువెళ్లాలి. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు ఈ వార్షికోత్సవానికి జ్ఞాపికలు, శాలువాల బదులు ఒక మంచి మైక్రోస్కోపు ఇవ్వాలి. వంటగదిలో ఉల్లిపాయలకు కొదవ లేదు. నీళ్లమీద పెట్టిన ఉల్లి వేరు కొనకు రంగు వేసి చూస్తే దాని 16 క్రోమోజోములు కనిపిస్తాయి. ఒక్కసారి కళ్లారా చూసిన పిల్ల బైపీసీ అంటే భయపడదు.